నోటికి లైసెన్సు

ఏవండీ, ఒక్క నిమిషం. ఆ చెత్తబుట్ట అక్కడ పెట్టేసి గోడ దగ్గరకి రండి. మీకో మాట చెప్పాలి. చెప్పకపోతే నాకీ పూట అన్నం సయించదు.

మా మరదలు పరీక్ష పాసైంది!

ఏం పరీక్ష అని అడగరేం? సరే, నేనే చెప్తాను. టెక్సస్‌లో ఇళ్ళు అమ్మిపెట్టే పరీక్ష. నవ్వకండి. మొదట నేనూ నవ్వాను. "బ్రోకరు పనికి పరీక్షేమిటోయ్? మన వీధి చివర టీకొట్టు దగ్గర కూర్చునే గళ్ళచొక్కాయన ఏ యూనివర్సిటీలో చదివాడు?" అన్నాను మా ఆవిడతో. ఆవిడ ఆ ముక్కని ఒక్క పొల్లు కూడా పోకుండా మరదలుండే ఫ్రిస్కోకి చేరేసింది. ఉప్పూ కారం కూడా తనే కలుపుకున్నట్టుంది. మర్నాడు పొద్దున్నే ఫోను. "బావగారూ, 180 గంటలు చదివానండీ నేను. గిన్నెలు కడిగి, పిల్లల్ని పడుకోబెట్టి, రోజూ రాత్రి పదకొండు దాకా. మీ గళ్ళచొక్కాయన ఎన్ని గంటలు చదివాడో కాస్త కనుక్కుని చెప్తారా?"

కనుక్కున్నాను. అది తర్వాత చెప్తాను. తొందరపడకండి, మీ పాలు పొంగిపోవులెండి.

ముందు ఈ 180 గంటల వైభవం వినండి. టెక్సస్‌లో సేల్స్ ఏజెంట్ లైసెన్సు కావాలంటే 18 ఏళ్ళు నిండాలి. డిగ్రీ అక్కర్లేదు. కానీ ఒక్కోటీ 30 గంటల చొప్పున ఆరు కోర్సులు చదవాలి. ప్రిన్సిపుల్స్ అని రెండు భాగాలు, ఏజెన్సీ చట్టం, కాంట్రాక్టు చట్టం, ఫైనాన్సు. ఇవన్నీ ఊహించదగ్గవే. ఆరోది వింటే మాత్రం నాకు ముద్దొచ్చింది. ప్రొమల్గేటెడ్ కాంట్రాక్ట్ ఫార్మ్స్! పేరు చూసి బెదరకండి. అక్కడి రియల్ ఎస్టేట్ కమిషన్ వాళ్ళు కొనుగోలు ఒప్పందాల ఫారాలు తామే తయారుచేసి పెట్టారు. ఏజెంటు వాటినే వాడాలి. చెయ్యాల్సిందల్లా ఖాళీలు పూరించడం. తన తెలివితేటలు ఉపయోగించి అందులో సొంతంగా ఓ షరతు రాశాడో, అది వకీలు పని చేసినట్టు లెక్క, తప్పు. అంటే చూడండి, ఖాళీలను పూరింపుము అన్న మన మూడో తరగతి ప్రశ్నని ఎలా పూరించాలో 30 గంటలు నేర్పుతారన్నమాట!

మన డాక్యుమెంటు రైటరుని తల్చుకున్నాను. సబ్‌రిజిస్ట్రారు ఆఫీసు ఎదుట, జిరాక్సు షాపు పక్కన స్టూలు. ఆయన మొదలుపెడితే ఖాళీ అన్నదే ఉండదు. నిధి నిక్షేప జల తరు పాషాణాలతో సహా రాసిచ్చేస్తాడు. నా 200 గజాల ప్లాటు కాగితంలోనూ ఆ నిధి ఉంది. బోరు వేయించినప్పుడు ఆశగా నిలబడి చూశాను. రాళ్ళు మాత్రం పుష్కలంగా వచ్చాయి. ఆ లెక్కన పాషాణం మాట అబద్ధం కాదు.

ఏదీ, ఎక్కడున్నాం? ఆ, పరీక్ష.

దరఖాస్తు పెట్టాక వేలిముద్రలు ఇవ్వాలి. నేరచరిత్ర ఏమైనా ఉందేమో చూస్తారు. మన వైపు చదువు రానివాణ్ణి వేలిముద్రగాడు అనేవాళ్ళం. అక్కడ చదివినవాళ్ళ చేత వేయిస్తున్నారు! ఇక ప్రశ్నలు 125. అందులో 85 దేశం మొత్తానికీ వర్తించేవి, 40 టెక్సస్ చట్టాలవి. మూడుసార్లు తప్పితే మళ్ళీ క్లాసులకెళ్ళి కూర్చుని రావాలి. మా మరదలు మొదటిసారే పాసైంది. ఈ మాట మా ఆవిడ మీకు ఇప్పటికే చెప్పి ఉంటుంది. చెప్పిందా? రెండుసార్లా? అనుకున్నాను.

మధ్యలో ఓ చిన్న మాట. మీ అల్లుడు కూడా అక్కడే కదా, హెచ్‌వన్‌బీ మీద? అతనికి ఈ ఆశ పెట్టకండి. ఆ వీసా ఇప్పించిన కంపెనీ పని తప్ప పక్కపని చేసి కమీషను పుచ్చుకోకూడదు. మా మరదలికి హెచ్‌ఫోర్ మీద పని చేసుకునే అనుమతి కాగితం ఉంది కాబట్టి కుదిరింది.

సరే, పాసైంది. లైసెన్సు వచ్చింది. ఇక బోర్డు కట్టుకుని ఇళ్ళమ్మేయడమేనా? అబ్బే! ఇక్కడే ఉంది అసలు తిరకాసు. సేల్స్ ఏజెంటు ఒంటరిగా ఒక్క పెంకుటిల్లు కూడా అమ్మలేదు. పైన ఒక బ్రోకరు ఉండాలి. ఆయన్ని స్పాన్సరింగ్ బ్రోకర్ అంటారు. ఎండలో తిరిగి ఇల్లు చూపించేది ఈవిడ. తలుపులు తీసి, ఏసీ వేసి, అలమరాలు లెక్కపెట్టించేది ఈవిడ. కమీషను మాత్రం ముందు ఆయన ఖాతాకి వెళ్తుంది. అక్కణ్ణుంచి ఈవిడ వాటా దిగుతుంది. కొనేవాళ్ళు ముచ్చటపడి నేరుగా ఈవిడ చేతిలో ఓ చెక్కు పెట్టినా పుచ్చుకోకూడదు. "ఇది ఉమ్మడి కుటుంబంలో చిన్నకోడలి పద్ధతి కదమ్మా" అన్నాను. "కొత్త కాపరం, అలవాటవుతుంది బావగారూ" అంది.

మరి పెద్దకోడలు అయ్యేదెప్పుడు? అంటే, బ్రోకరు అయ్యేదెప్పుడు? దానికి ఐదేళ్ళలో నాలుగేళ్ళు నిజంగా పనిచేసిన అనుభవం చూపించాలి. చదువు మొత్తం 900 గంటలకు చేరాలి. 270 గంటలు అచ్చంగా ఈ విద్య, 630 గంటలు దీని చుట్టుపక్కల విద్యలు. తర్వాత ఇంకో పరీక్ష. అయితే బ్యాచిలర్స్ డిగ్రీ ఉంటే ఆ 630 గంటలూ మాఫీ. ఈ సంగతి తెలిసిన రోజున మా మామగారు ఎంత సంబరపడ్డారో చెప్పలేను. "అమ్మాయి బీటెక్ సీటుకి డొనేషను కట్టానోయ్. ఇన్నాళ్ళకి అది ఓ పనికొచ్చేలా ఉంది" అన్నారు.

చిన్నకోడలికీ తీరిక లేదనుకోండి. మొదటి రెన్యువల్‌లోపు ఇంకో 90 గంటలు చదవాలి. ఆ తర్వాత రెండేళ్ళకోసారి 18 గంటలు, లైసెన్సు ఉన్నన్నాళ్ళూ. మా నాన్న ఎస్సెల్సీ తర్వాత పుస్తకం ముట్టలేదని గర్వంగా చెప్పుకునేవాడు. ఆయన టెక్సస్‌లో బతకలేడు.

ఇంతకీ ఈ మెట్లు అమెరికా అంతటా ఒక్కలా ఉంటాయనుకున్నారా? నేనూ అలాగే అనుకుని భంగపడ్డాను. మా పెద్దమ్మ మనవడు రెడ్‌మండ్‌లో ఉంటాడు. అదే, మైక్రోసాఫ్ట్ ఊరు. వాడి స్నేహితుడు 90 గంటలు చదివి పరీక్ష రాసి బ్రోకరు అయ్యాడట. "90కే బ్రోకరా! మా మరదలు 180 చదివినా ఇంకా ఏజెంటే" అని నేను ఒంటికాలి మీద లేచాను. తీరా చూస్తే, వాషింగ్టన్ రాష్ట్రంలో 2010 జులై నుంచి సేల్స్‌పర్సన్ అన్న పేరే ఎత్తేశారు. నిన్నగాక మొన్న వచ్చినవాడూ బ్రోకరే. పాత బ్రోకరు మేనేజింగ్ బ్రోకరు. ఎవరి జీతమూ పెరగలేదు, అందరి బోర్డులూ మారాయి. ఇలినాయ్‌లోనూ ఇదే తంతు, కొత్తవాడు బ్రోకరు, పైవాడు మేనేజింగ్ బ్రోకరు.

మీరు నవ్వుతున్నారు గానీ, మన వెంచర్లవాళ్ళు ఈ విద్యలో వాళ్ళకి గురువులు. మొన్న మా అపార్టుమెంటు కిందకి నలుగురు కుర్రాళ్ళు వచ్చారు, బ్రోచర్లు పంచడానికి. ముగ్గురు డైరెక్టర్లు, ఒకడు సీనియర్ డైరెక్టరు. కార్డులున్నాయి. నలుగురూ ఒకే బండి మీద వచ్చారు.

పేరంటే గుర్తొచ్చింది. రియల్టర్ అన్న మాట ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసా? దానికో పుట్టుక కథ ఉంది. మినియాపొలిస్‌లో చార్లెస్ చాడ్‌బోర్న్ అని ఇళ్ళ వ్యాపారి ఒకాయన. ఓ రోజు పేపరు కుర్రాడు వీధిలో అరుస్తున్నాడట, రియల్ ఎస్టేట్ మనిషి బీద వితంతువుని ముంచాడహో అని. ఈయన పేపరు కొని చూస్తే ఆ ముంచినవాడు ఈయన సంఘంలో మనిషే కాదు, ఎక్కడో ఓ బల్ల అద్దెకు తీసుకుని కూర్చున్న స్పెక్యులేటరు. చాడ్‌బోర్న్‌కి ఒళ్ళు మండింది. వాడికీ నాకూ ఒకటే పేరేమిటని ఆలోచించి, 1916లో రియల్టర్ అన్న మాట పుట్టించాడు. అది వాళ్ళ జాతీయ సంఘం సభ్యులకి మాత్రమే. ఇప్పటికీ అంతే. రిజిస్టరు చేయించుకున్న గుర్తు అది. లైసెన్సు ఉన్న ప్రతివాడూ రియల్టరు కాడు. సంఘంలో చేరి, చందా కట్టి, వాళ్ళ నియమావళికి ఒప్పుకోవాలి.

అంత ముచ్చటపడి పేపరు హెడ్డింగుల నుంచి తప్పించుకోవడానికి పుట్టించిన మాట, పాపం, మన పేపర్లలో ఎక్కడ తేలిందో చూశారుగా. రియల్టర్ అరెస్టు. రియల్టర్ కిడ్నాపు. చాడ్‌బోర్న్‌కి తెలుగు రాకపోవడమే మంచిదయింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఇందాకటి నుంచి నోట్లో నానుతోంది. దగ్గరకి రండి, గట్టిగా చెప్పేది కాదు.

మా మరదలి దగ్గరకి వచ్చిన మొదటి పార్టీ మనవాళ్ళే. విజయవాడ వైపువాళ్ళు. మనవాళ్ళు ఇల్లు కొనేటప్పుడు మొదట ఏమడుగుతారు? మీరు ఏమడిగారు ఈ ఇల్లు కొనేటప్పుడు? అవునా! అదే వాళ్ళూ అడిగారు. "ఏవండీ, ఈ కమ్యూనిటీలో మనవాళ్ళు ఎంతమంది ఉన్నారు?" మామూలుగా మా మరదలికి ఇలాంటి ప్రశ్న వేస్తే మూడు తరాల వంశవృక్షం చెప్పగలదు. ఏ వీధిలో గుంటూరువాళ్ళు, ఏ వీధిలో కరీంనగర్‌వాళ్ళు, ఎవరింట్లో ఆవకాయ బావుంటుంది, అన్నీ కంఠతా. కానీ ఆవిడ ఏమందో తెలుసా? "అది నేను చెప్పకూడదండీ."

వాళ్ళు మొహమొహాలు చూసుకున్నారట. తెలుగు ఏజెంటుని వెతికి పట్టుకున్నదే ఇందుకు కదా!

కానీ ఆవిడ తప్పేం లేదు. 1968 నాటి ఫెయిర్ హౌసింగ్ చట్టం ఒకటుంది. జాతి, రంగు, మతం, ఏ దేశం నుంచి వచ్చారన్నది, ఆడా మగా, పిల్లలున్నారా, వైకల్యం ఉందా, ఇవేవీ చూసి ఇల్లు ఇవ్వనని అనకూడదు. అంతవరకూ మనకీ అర్థమవుతుంది. కొనేవాణ్ణి వాడి జాతివాళ్ళుండే పేటవైపు మెల్లిగా తోలడం కూడా తప్పే. దానికి స్టీరింగ్ అని పేరు. ఒకప్పుడు నల్లవాళ్ళని ఊళ్ళో ఒక మూలకే తోలడానికి అక్కడి ఏజెంట్లు వాడిన ఎత్తు ఇది. అందుకే అంత గట్టిగా మూత బిగించారు. మనవాడే మనవాళ్ళకి చెప్పినా మినహాయింపు లేదు. హనుమంతుడి గుడి ఎంత దూరమంటే మ్యాపు చూసుకోమంటుంది. స్కూలు మంచిదేనా అంటే వెబ్‌సైటు పేరు చెప్తుంది. అయితే తూర్పు ముఖం ఇల్లు కావాలంటే మాత్రం హాయిగా వెతికిపెడుతుంది. దిక్కులకి జాతి లేదు కదా!

నాకు అప్పుడు తట్టింది. 180 గంటలూ ఆవిడకి నేర్పింది ముప్పాతిక మూడొంతులు ఎక్కడ నోరు మూసుకోవాలో! వకీలులా మాట్లాడకూడదు, ఇంజనీరులా హామీ ఇవ్వకూడదు, చుట్టంలా చెవిలో ఊదకూడదు. మా అత్తగారి చిన్నకూతురికి ఇది నేర్పడానికి 180 గంటలు సరిపోయాయంటే ఆ మాస్టార్లకి దణ్ణం పెట్టాలి. (ఈ వాక్యం గోడ దాటకూడదు సుమా.)

ఇక గళ్ళచొక్కాయన దగ్గరకి పోదాం. వెళ్ళి అడిగాను. "ఏమన్నా, నువ్వేమన్నా పరీక్ష రాశావా?"

"ఏం పరీక్ష సార్? ముప్పై ఏండ్ల సంది ఇదే పని. పార్టీ చెప్పులు జూస్తే బడ్జెట్ జెప్త."

"నావి చూసి చెప్పు."

"మీకు చాయ్ తాపిస్త సార్."

ఈయన ఎంతటి వాగ్గేయకారుడో మీకు తెలియనిది కాదు. ఇక్కణ్ణుంచి ఔటర్ రింగ్ రోడ్డు పది నిమిషాలే అంటాడు. ఓసారి ఆయన బండి వెనక కూర్చుని ఆ పది నిమిషాలూ లెక్కపెట్టాను. యాదగిరిగుట్ట గోపురం కనబడేదాకా లెక్కపెట్టాను. "ఇంకా నయం సార్, దర్శనం కూడ అయితది" అన్నాడు. గజం ధర చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తాడు, ఎదురింటివాళ్ళు వింటే పెంచేస్తారన్నట్టు. బయానా మాట వచ్చేసరికి కళ్ళు మూసుకుంటాడు. కమీషను రెండు పర్సెంటు అంటాడు, టీ చల్లారేలోపు ఒకటికి దిగుతాడు. ఎవరింట్లో పెళ్ళికి డబ్బు కావాలో, ఎవరి కొడుకులు పడక ఇల్లు అమ్ముతున్నారో, ఆయన బుర్రలో ఉన్నది ఏ రికార్డులోనూ ఉండదు.

మనకీ చట్టం లేకపోలేదు. 2016లో రెరా అని రియల్ ఎస్టేట్ చట్టం వచ్చింది. 2017 మే 1 నుంచి పూర్తిగా అమలు. ప్రాపర్టీ డీలరు, బ్రోకరు, మిడిల్‌మన్, ఏ పేరు పెట్టుకున్నా సరే ఏజెంటే అని అందులో రాశారు. మన తెలుగువాళ్ళ సంగతి తెలిసినవాళ్ళెవరో రాసినట్టుంది. రెరాలో నమోదైన ప్రాజెక్టులో ప్లాటో ఫ్లాటో అమ్మిపెట్టాలంటే ఏజెంటూ నమోదు చేసుకోవాలి. మన రాష్ట్రంలో ఒక్కడైతే 10,000 రూపాయలు, సంస్థైతే 50,000. ఐదేళ్ళు చెల్లుతుంది. నంబరు ఇస్తారు, అమ్మిన ప్రతిచోటా ఆ నంబరు చూపించాలి. నమోదు కాకుండా అమ్మితే రోజుకి 10,000 జరిమానా, ఆ ఆస్తి ఖరీదులో 5 శాతం దాకా పోవచ్చు. రెరాలో నమోదు కావలసి ఉండీ కాని ప్రాజెక్టు అసలు అమ్మిపెట్టకూడదు. లేని సౌకర్యాలు ఉన్నాయని చెప్పకూడదు. కాగితాలన్నీ కొనేవాడికి అందేలా చూడాలి. ప్రీలాంచ్ సార్, ఇంకా బయటకి రాలేదు, మీకని చెప్తున్నా అని మీ చెవిలో ఎవరైనా ఊదితే, మీకు చెప్పకూడనిదే చెప్తున్నాడని అర్థం చేసుకోండి.

చదువు? ఆ చట్టంలో చదువు ఊసే లేదు. గంటలు లేవు, ఖాళీలు లేవు. మెట్లూ లేవు, ఉన్నది ఒక్కటే అరుగు. మహారాష్ట్రవాళ్ళకి మాత్రం ఇది చాల్లేదు. 2023లో అక్కడి రెరా సంస్థ, ఏజెంట్లంతా 20 గంటల శిక్షణ తీసుకుని పరీక్ష పాసవ్వాలంది. పరీక్ష పెట్టింది ఎవరనుకున్నారు? ఐబీపీఎస్! మన పిల్లలు నంద్యాలలోనూ దిల్‌సుఖ్‌నగర్‌లోనూ గదులు తీసుకుని ఏళ్ళకేళ్ళు చదివి రాసే బ్యాంకు పరీక్షలవాళ్ళే. నలభై ఏళ్ళుగా పుణెలో ఇళ్ళమ్ముతున్న తాతగారు, మనవడి పెన్సిలు బాక్సు పట్టుకుని పరీక్షకి బయల్దేరడం ఊహించుకోండి. నాకైతే ఆయన జేబులో ఓ పెరుగన్నం పొట్లం పెట్టాలనిపిస్తుంది.

ఇదంతా గళ్ళచొక్కాయనకి విడమర్చి చెప్పాను. శ్రద్ధగా విన్నాడు.

"నేను కిరాయి ఇండ్లు, పాత ఇండ్లు జూపిస్త సార్. నాకెందుకు గా నంబరు?"

నేను నోరు తెరిచి మూశాను. నిజమే కదండీ! నమోదు కావలసిన ప్రాజెక్టులకే ఆ నియమం. ఎప్పుడో కట్టిన పాత ఇల్లు చేతులు మారితే, అద్దెకి పోర్షను చూపిస్తే, దానికి వర్తించదు. 500 చదరపు మీటర్లు దాటని, అంటే సుమారు 600 గజాలు దాటని స్థలానికీ, ఎనిమిది ఫ్లాట్లు మించని కట్టడానికీ మినహాయింపే. ఆ మనిషి చట్టం చదవకుండానే చట్టం చెప్పాడు. "మరి నువ్వు ప్లాట్లు చూపించే ఆ ఘట్‌కేసర్ వెంచరు?" అన్నాను వదలకుండా.

"అది మా తమ్ముడు జూస్కుంటడు సార్."

ఈ కథంతా ఫ్రిస్కోకి చెప్పాను. మరదలు పడీపడీ నవ్వి, "మీరూ రాసి చూడండి బావగారూ" అని ఓ పది నమూనా ప్రశ్నలు పంపింది. నాకు అరవై రెండేళ్ళు. కళ్ళజోడు పెట్టుకుని, పెన్సిలు చెక్కుకుని, తలుపేసుకుని కూర్చున్నాను. మా ఆవిడ రెండుసార్లు వచ్చి కాపీ కొడుతున్నానేమో చూసి వెళ్ళింది.

మొదటి ప్రశ్న. ఎకరానికి ఎన్ని చదరపు అడుగులు? హహ్! ఎకరానికి 40 గుంటలు, గుంటకి 121 గజాలు, మొత్తం 4,840 గజాలు, తొమ్మిదితో హెచ్చవేస్తే 43,560. మూడు సెకన్లు! "ఈ ఒక్క అంకె బట్టీపట్టడానికి మా క్లాసులో ఒకావిడ ఫ్రిజ్ మీద అంటించుకుంది" అంది మరదలు. నా ఛాతీ గజంన్నర అయ్యింది.

ఐదో ప్రశ్న. కొనుగోలుదారు, ఈ వీధిలో ఎలాంటివాళ్ళు ఉంటారని అడిగితే ఏజెంటు ఏం చెప్పాలి? నాలుగు జవాబులిచ్చారు. నేను నాలుగూ కొట్టేసి, కింద నాకు తెలిసింది వివరంగా రాశాను. పేజీ సరిపోక వెనక్కి తిప్పాను. అది మరదలు చూసి ఇంకా సమాధానం పంపలేదు.

అదుగో, మాటల్లోనే ఫోను. గళ్ళచొక్కాయనే. ఉండండి, స్పీకరులో పెడతాను.

"సార్, కార్నర్ బిట్టు వచ్చింది. ఈస్ట్ ఫేసింగ్. 200 గజాలు. లింకు డాక్యుమెంట్లు అన్ని క్లియర్. మంది ఎగబడుతున్రు. ఇక్కడ్నుంచి పది నిమిషాలే."

"రెరా నంబరెంతన్నా?"

"నా నంబర్ మీ ఫోన్ల ఉన్నది గద సార్!"

ఏవండీ, మీరు ఈ పూట ఖాళీయేనా? ఆ చెత్తబుట్ట లోపల పెట్టేసి చెప్పులు వేసుకుని రండి. ఊరికే చూసొద్దాం. మా ఆవిడకి చెప్పకండి.